పర్కీ

సోహార్ రేవుల ఆగస్టు.
పొద్దున ఆరింటికే గాలి
పిండని బట్ట లెక్క మొఖానికి అంటుకుంటది.
దాద్‌రహీమ్ కండ్లద్దాలు తుడుస్తడు, మళ్లా మసకే.
"రుతూబా, లింగూ భాయ్" అంటడు,
ఇయ్యాలటికి నాలుగోసారి.

ఓడ కడుపుల మక్కలు.
ఏ దేశానియో కాయితం చెప్తది.
ఏ ఎండ తిన్నయో చెప్పదు.
దానికే నాకు జీతం.

ఇనుప గొట్టం గుచ్చుత.
పక్కకొకటి, మూలకొకటి, అడుగు ఆనేదాక ఒకటి.
మా మార్కెట్ యార్డుల దీన్ని పర్కీ అనేటోళ్లు.
గింజలు అరచేతిల పోసుకుంటే
నేనెన్నడు చూడని చేనొకటి కనవడుతది:

పీచు వెళ్లే యాల్లకు వాన మొఖం చాటేసింది.
రాత్రుల్లు గూడ సల్లబడలే.
దూపకు గింజ తోలు సన్నగ పగిలింది,
ఆ సందుల నుంచి
కంటికానని పచ్చపొడి లోపలికి పోయింది.
ఆఖరుకు, ఎవ్వలకు అక్కెర లేనప్పుడు,
కోత మీద వాన.

షమ్సా మేడం చీకటిగదిల నీలిదీపం ఏస్తది.
నలగ్గొట్టిన గింజల నడుమ
అక్కడొకటి ఇక్కడొకటి పసుపుపచ్చగ మెరుపు.
అందంగుంటది. అనొద్దు గని, అందంగుంటది.
"ఆవు తింటే పాలల్లకు దిగుతది,
కాగవెట్టినా పోదు"
అని చెప్పింది మొదటిరోజే.
బరకా కాడ వాళ్లన్నకు ఆవులున్నయి.

నాకు తెల్వనిది గాదు.
కొడిమ్యాల రోడ్డు మీద మక్కలు ఆరబోసిన ఏడు
ముసురు నాలుగొద్దులు ఇడవలే.
మొలకలొచ్చినయి ఏరి పారేసిన.
నల్లబడ్డయి, బూజువాసన కొట్టేటియి
బస్తా నడుమ పోసిన.
పైన మంచి గింజ, కింద మంచి గింజ.
పర్కీ పట్టినాయన బీడీ ఆరకముందే
పైపైన గుచ్చి సంచి దాటిండు.
కోళ్లదాణాకు పోయినయి.
వచ్చిన పైసలల్ల కొన్ని
ఏజెంటు చేతిల పెట్టిన, ఈ వీసాకు.

గందుకే నడిమికి గుచ్చుత,
మోచెయ్యి దాక దిగబడ్డా సరే.

ఇయ్యాల లెక్క దాటింది.
మూడో అర వాపసు.
కెప్టెన్ ఒర్రుతున్నడు, ఎవని తప్పని.
దాద్‌రహీమ్ నా దిక్కు చూసిండు.
నేను మీదికి చూసిన.
సున్నమేసినట్టు ఆకాశం, మబ్బుతునక లేదు,
ఒళ్లంత మాత్రం నీళ్లు.

గొట్టం తుడుచుకోని
నాలుగో అర దిక్కు నడిచిన.