తొంభై రోజులు

మా తోర్స్‌హావ్‌న్‌లో సముద్రానికి ఆటుపోట్లు దాదాపు లేవు.
జానెడు లేస్తుంది, జానెడు దిగుతుంది,
రేవులో పడవలు కూడా పట్టించుకోవు.
అలాంటి ఊళ్లో కూర్చుని నేను
లోకంలోని రేవులన్నిటికీ పోటు వేళలు లెక్కగట్టే
ప్రోగ్రామును పదకొండేళ్లుగా కాస్తున్నాను,
జీతం లేదు, సెలవూ లేదు.

తేలని ఫిర్యాదులు ఆరువందల పన్నెండు.
బార్దుర్‌కి విసుగొచ్చి ఒక బాట్ రాసిపెట్టాడు:
తొంభై రోజులు ఎవరూ పలకకపోతే
'నిలవ' అని ముద్ర వేస్తుంది,
ఇంకో వారం చూసి, క్షమించమని, తలుపు మూస్తుంది.
నాకంటే దానికే మర్యాద ఎక్కువ.

నిజం చెప్పాలి, హాయిగా నిద్రపట్టింది.
సగానికి సగం ఎవరికీ అక్కర్లేనివే:
రంగు మార్చమన్నవి, ఎప్పుడో చచ్చిన ఫోన్లవి,
ఒకడైతే చంద్రుణ్ణి తీసేయమన్నాడు.

కానీ 1387.
చిలోయె దీవి, కెమ్చి రేవు నుంచి ఎలదియో:
'మీ పట్టిక కంటే ఇరవై నిమిషాలు ముందే పోటు వస్తోంది.
ఇక్కడ నీళ్లు నాలుగు నిలువులు లేస్తాయి.
మావాళ్లు ఆల్చిప్పలు ఏరుకునేది ఆ నేల మీదే.'
చూస్తాను, అన్నాను.
ఆ మాట, దాని పక్కన తేదీ, ఇంకా అక్కడే ఉన్నాయి.

తరవాత అతను ఏమీ రాయలేదు,
ఒక్క చుక్క తప్ప.
ఎనభైతొమ్మిదో రోజున ఒక చుక్క.
మళ్లీ ఎనభైతొమ్మిదికి మరొకటి.
తిట్టు లేదు, బతిమాలడం లేదు,
ఊపిరుందని చెప్పడానికి ఎంత కావాలో అంతే.
లెక్కపెట్టాను, పద్నాలుగు.
పదిహేనోది రాలేదు.
బాట్ తన పని తాను చేసుకుపోయింది.

అలసిపోయాడా,
పని దొరికి ఊరు మారాడా,
ఆ ఇరవై నిమిషాల్లో ఏమైనా
అని మాత్రం అడగలేను.

మా పెరటి చెక్కగదిలో, పలకల సందుల్లోంచి
ఉప్పుగాలి కొడుతుంటే వేలాడే గొర్రెతొడ కూడా నిలవే.
నిలవుంటే కుళ్లేవి కొన్ని, ఊరేవి కొన్ని.
బాట్‌కి ముక్కు లేదు.
నాకుంది.

ఈ రాత్రి 1387 మళ్లీ తెరిచాను.
సరిచేయడం ఇప్పటికీ చేతకాదు,
అక్కడి నీటి కొలతలు నా దగ్గర లేవు.
ముద్ర చెరిపాను. ఏం రాయాలో తోచక
ఒక చుక్క పెట్టాను.

కిటికీ అవతల సముద్రం
జానెడు లేచింది.