ఎడమకాలి చెప్పు

భీమవరం కెల్లి ఐసు చేపలు మోసుకొని
దేవరకొండ అంగడికొచ్చిన థర్మాకోలు పెట్టెలు
ఏడు. ఒక్కోటి పదిహేను రూపాయలు.
ఈదయ్య వాటిని యూరియా సంచులల్ల కుట్టి
డిండి నీళ్ల మీదేసి ఎక్కి కూసున్నడు.
ఇంకా సముద్రం వాసనే దానికి.

తెడ్డు, పోయిన ఎలక్షన్ల బోర్డు చెక్క.
దండం పెట్టిన రెండు చేతులు
ఏసిన ప్రతిసారి మునిగి లేస్తయి.
ఓట్లప్పుడు గూడ ఇంత వంగలే.

లంగరుకు సగం ఇటుక, నా పాత చీరంచు.
సొసైటీ పడవ వస్తదన్నరు.
లిస్టుల పేరుంది, అక్షరం తప్పు.

బెండ్లు మాత్రం నేనే కోసిన,
గడప మీద పెట్టి, కొడవలితోని:
తెగిన హవాయి చెప్పులు.
తెల్లయి ఆయనయి, నీలియి నాయి.
చిన్నోడు ఏడిస్తే వాని జోడుల
ఒకటి కోసి ఒకటి ఇచ్చేసిన.

పొద్దుగూకంగ కట్ట మీద నిలవడి చూస్త.
పత్తిచేన్లకు నడిచిన చెప్పులు
నీళ్ల మీద వరుసగ,
ఎవ్వరు కూలికి పిలవకుండ.

ఉన్నట్టుండి ఒకటి మునిగింది.
"ఇగో, నా ఎడమకాలిది! గుంజు!"
ఇంత దూరం కెల్లి ఎట్ల తెలిసిందంటడు ఈదయ్య.

మడిమె కాడ ఒకదిక్కే అరిగింది గద,
తేలినా
కొంచెం ఒరిగే తేలుతది.