ఇతరములు

వాన వెలిసిన పూట గిడిజాల మెట్ట మీద
ట్యాబ్ పట్టుకుని నేను, గొడుగు పట్టుకుని ఆమె.
వెంపాడ అప్పలకొండ. ఎనభై సెంట్లు.
భూమి మర్రిపాలెం షావుకారిది.
కౌలు నోటిమాట, కార్డు లేదు.

"పంటేటి అప్పా?" అన్నాను.
"నువ్వు" అంది.
నా కళ్ళలోకి చూసి అందేమో,
ఉలిక్కిపడ్డాను.

ఫొటోకి మనిషి చేలో నిలబడాలి,
పచ్చ చుక్క గడిలో పడాలి.
చుక్క జారింది. జారి జారి
భీమిలి దాటి సముద్రంలో ఆగింది.
"నువ్వు సముద్రంలో ఉన్నావంటోంది అప్పా."
"ములిగే ఉన్నాను" అంది,
కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుంటూ.

మూడోసారికి గట్టెక్కింది చుక్క.
పేరు దగ్గర షావుకారే వచ్చాడు.
సాయం డబ్బులు ఆ పేరుకే.
ఆయన ఈ గట్టు తొక్కి తొమ్మిదేళ్ళు.

నియమాలన్నీ సరిపోయాయి.
సరిపోయాయని నొక్కడానికి ఒక గడి.
కాదనడానికి అడుగున "ఇతరములు",
ఇరవై అక్షరాలు దాటకూడదు.
వేళ్ళ బురద తుడుచుకుని కొట్టాను:
సాగు చేసింది ఈమె.

సిగ్నల్ లేదు. చక్రం తిరుగుతూనే ఉంది.
గొడుగు నా నెత్తి మీదికి జరిపి అంది:
"బేగి కానీ పాపా.
కాయెండితే చిట్లిపోద్ది,
నువ్వు ఎవులి కోసమూ ఆగదు."