మెడ ఎటు

పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మల సంఘానికి
సైటు కడుతున్నాను.
గ్రిడ్డులో గళ్ళన్నీ కుదిరాయి;
ఫోను అడ్డం తిప్పినా ఏ బొమ్మా బెణకదు.
నా సీఎస్సెస్ చూసుకుని నేనే మురిసిపోయాను.

దండాసి మహారాణా ఫోను చెవికి ఆనించాడు.
నలభయ్యేళ్ళు కొమ్ము అరగదీసిన వేళ్ళు,
చూపు పోయి ఆరేళ్ళు.
"బొమ్మ. బొమ్మ. బటన్. బొమ్మ," అంది ఫోను.
"కొట్టు తెరిసి దీపం ఆర్పీసినావేటమ్మా?"

రాత్రి కూర్చుని ఒక్కోదానికీ మాట రాశాను:
కొమ్ముతో చేసిన కొంగ.
పొద్దున్న విన్నాడు.
"మెడ ఎటు తిరిగిందో సెప్పనేదు.
ఆ వొంపుకే గదా డబ్బులు."

గూట్లోంచి కొంగని తీసి చేతికిచ్చాడు.
కళ్ళు మూసుకున్నాను.
చల్లగా, వెనక్కి, కాస్త అలిగినట్టు
మెడ.

ఈ వొంపుకి ఒడియాలో మాటుందట,
నాలుగుసార్లు చెప్పించుకున్నాను.
తెలుగులో ఇంకా దొరకలేదు.
కర్సరు ఆ ఖాళీలోనే
మిణుకుతోంది.