గుంట

ఆదివారం.
ఇవాళ నా నాలుకకి కూడా సెలవు.

పది రోజులుగా ఈ దళానికి నేనే నోరు.
ముప్పై నలుగురిలో తెలుగొచ్చినవాణ్ణి ఒక్కణ్ణే,
అదీ ఇచ్ఛాపురం తెలుగు.
చంద్రగిరి అవతల, స్వర్ణముఖి ఒడ్డు బళ్లో
అది సగమే చెల్లుతోంది.

గోడ మీద పదమూడో ఎక్కం.
అయిదో వరస దాకా ఎక్కి ఆగింది బురద గీత.
పదమూడు అయిదులు అరవై అయిదు, పొడిగానే ఉంది.
చిన్నప్పట్నించీ నాకు రానివన్నీ
దాని కిందే మునిగాయి.

ప్రహరీ మీద బూట్లు
నాలుకలు బయటపెట్టి ఆరుతున్నాయి.
జామచెట్టుకీ జెండా కర్రకీ కట్టిన తాడు మీద
లోపల మనుషుల్లేని లైఫ్ జాకెట్లు.
పడవ బోర్లా పడుకుంది.
సుబేదారు సాబ్ కూడా.
రిన్మావియా కిటికీ దగ్గర
తన భాషలో బైబిలు చదువుకుంటున్నాడు.
దాన్ని ఎవరికీ మార్చి చెప్పక్కర్లేదు.

వంట చెంగమ్మది.
బడిపిల్లలకి వండే మనిషి,
బడి లేదు కాబట్టి మేమే పిల్లలం.
సంగటిముద్దలో వేలితో గుంత చేసి
"రవంత నెయ్యేసుకో నైనా" అంటుంది.
ఆమెకవి రాగులు. మా వేపు చోళ్లు.
ముద్ద గొంతు దిగింది గానీ
పేరు దిగడానికి రెండు రోజులు పట్టింది.

మేం వచ్చిన రాత్రి, వానలో,
టార్చిలైటు ఊపుతూ అరిచింది ఈమే:
"గుంట పొయ్యింది నైనా, గుంట పొయ్యింది!"

మా ఊళ్లో గుంటంటే ఆడపిల్ల.
నేను వెనక్కి తిరిగి అరిచాను:
బచ్చీ బహ్ గయీ సాబ్!

పడవ దింపాం.
రెండు గంటలు, చీకట్లో,
లేని పిల్లని వెతికాం.
పేరు తెలీక పాపా పాపా అని నేను,
బేటీ అని నేగి,
రిన్మావియా ఏమని పిలిచాడో అర్థం కాలేదు.
రేకు తెగి నేగి అరికాలికి తొమ్మిది కుట్లు.
దొరికింది ఒక్క మేకపిల్ల,
కరెంటు స్తంభానికి చుట్టుకున్న ముళ్లకంపలో,
బతికే.

తెల్లారాక చెప్పింది చెంగమ్మ.
గుంటంటే వాళ్లకి చిన్న చెరువు.
ఎగువ కట్ట తెగింది, పరిగెత్తమని అరిచిందట.

నేగి పక్కున నవ్వాడు.
మేకకి ఆ పేరే పెట్టాడు.
నేనూ నవ్వాను గానీ
ఒక పిల్ల నా లెక్కలో మిగిలిపోయింది.
రెండు జడలు, ఒక రిబ్బను ఊడింది.
లేదని తెలుసు.
నీళ్లు తీసిన చేల వేపు చూడకుండా
బ్రష్ చేసుకోవడం నేర్చుకున్నాను.

పదకొండింటికి ఇంటికి ఫోను.
"నానా, ఏటి సేత్తన్నావు?"
"ఏటీ నేదమ్మా. ఆదోరం కదా."
"మరి మేక?"
"హాజరుపట్టీ తింటంది."
అటునించి వచ్చిన నవ్వుని
ఏ భాషలోకీ మార్చకుండా జేబులో పెట్టుకున్నాను.

మధ్యాహ్నం, రెండో తరగతి బల్లలు రెండు కలిపి పడక.
మోకాళ్ల నించి బయటే.
నిద్రలో వాన కూడా లేదు.

"గుంట పొయ్యింది నైనా!"

నేను లేచేలోపు,
ఏ గుంట అని అడిగేలోపు,
గఢ్వాల్, మిజోరం, రాంచీ
బనియన్లతో, వట్టికాళ్లతో గేటు దాటేశాయి.
వెనక నేగి కుంటుకుంటూ, "గుంటా! గుంటా!"
పది రోజుల్లో వాళ్లకి పట్టుబడిన తెలుగు
ఆ ఒక్క మాటే.

గొంతులు చింతతోపు దాకా వెళ్లాయి,
మెల్లగా ఏటివేపు తిరిగాయి.

పడవ చాటున మేకపిల్ల
జాకెట్టు పట్టీ నములుతోంది.
చెబుదామని లేచాను.

చెంగమ్మ చూసింది, మేకనీ, నన్నూ.
"కూచో నైనా.
రవంతసేపు పిలవనీ."