రూపాయికొక పేజీ

గుంతకల్లు కాలేజీ గేటెదురు నా జిరాక్సు షాపు.
ఇరవై ఏండ్లుగా తెలుగు బీఏ నోట్సు
రూపాయికొక పేజీ అమ్మినాను,
ఒక్కటీ చదవకుండా.

హొన్నూరమ్మ వచ్చి, కాగితం తడిమి
"నున్నగా ఉందన్నా, ఏమీ రాసిలేదు" అనేదాకా
నా సరుకు అందరికీ అందుతోందనే అనుకుంటి.

ఆ ఎండాకాలమంతా
కరెంటున్నప్పుడు స్కానింగు, లేనప్పుడు దిద్దుబాటు.
మిషనుకు 'మ'కూ 'య'కూ తేడా తెలీదు.
వత్తులు కనిపిస్తే
ఈగ వాలిన మచ్చలనుకుని తుడిచేసేది.
మొదటిసారి నోరు విప్పినప్పుడు
ఉత్పలమాలను
హుబ్లీ ప్యాసింజరు మూడు గంటలు ఆలస్యమన్నట్టు చదివింది.
ఆమె నవ్వి నవ్వి బెంచీ పట్టుకుంది.

మెల్లగా ఆపినాము ఆ రైలును.
యతి దగ్గర ఒక ఊపిరి, పాదం చివర రెండు.

ఒకరోజు వింటా వింటా వేలెత్తింది.
"మూడో పాదంలో నగణం కుంటుతోంది.
లఘువొకటి యాడనో పడిపోయిందన్నా."

నేను నాలుగుసార్లు దిద్దిన పేజీ అది,
ఇద్దరు లెక్చరర్లు చూసిన పేజీ.
పాత పుస్తకం తీసి దీపానికి పట్టి చూస్తే
ఆవగింజంత చిల్లి.
పురుగు తిన్న అక్షరానికి అటూ ఇటూ
మిషను కలిపి కుట్టేసింది, మేము నమ్మినాము.

ఏ అక్షరమో అడిగితే చెప్పలేదు.
"ఊహించి పెట్టొద్దు.
ఖాళీ ఉందని చదవమను" అంది.

ఇప్పుడు ఆ పద్యంలో అక్కడికి రాగానే
ఒక మాత్ర కాలం గొంతు ఆగుతుంది.
ఫోను చెడిపోయిందనుకుని
పిల్లోళ్లు నా షాపుకే తెస్తారు, బాగుచేయమని.