ఎవరిదీ కాని వారం

గుణుపురంలో పొద్దు రెండుసార్లు గూకుతుంది.
ముందు కొండెనక్కి జారి మా పెంకుల మీద నీడ పడుతుంది.
ఇంకో అరగంటకి గానీ
వంశధార మీద ఎరుపు చావదు.

శుక్రవారం సాయంత్రం ఆ అరగంట మీదే మా ఇంట్లో తగువు.
నీడ పడగానే అమ్మ పొయ్యిలో నీళ్ళు చల్లేది.
"ఏటి మీద ఇంకా ఎండుంది కదే తబితా,
నీ పెంకులు చూసి దేవుడు లెక్కకడతాడా?"
అమ్మ మాటాడేది కాదు.
రేపటి అన్నం మీద మూత,
మూత మీద రాయి.

శనివారం చల్దన్నం, చింతకాయ పచ్చడి.
నాన్న సంతలో పసుపుకొమ్ములు అమ్మి
ఎండుచేపలు తెచ్చి చూరుకి కట్టేవాడు.
మర్నాటి దాకా అవి పిల్లికి శోధన.

ఆదివారం నాన్న గంట తాడు లాగడానికి పోతే
అమ్మ గునపం భుజానేసుకుని అల్లం మడికి.
దొడ్డిదారి ఉంది, అటు పోదు.
గుడికెళ్ళే వాళ్ళంతా చూసేలా
కాలవ గట్టు మీంచే పోతుంది.
నాన్న ఆవేళ గంట ఇంకాస్త గట్టిగా కొట్టేవాడు.
అది స్తోత్రమో కోపమో
నాకిప్పటికీ తెలీదు.
పాస్టరుగారికి మాత్రం స్తోత్రంలాగే వినపడేది.

బడిలో ఒడియా మాస్టారు వారాలు వల్లెవేయిస్తే
శనిబార, రబిబార దగ్గర
నా గొంతు తగ్గిపోయేది.
ఆ రెండ్రోజులూ నేను సూది ముట్టకూడదు.
చిరిగిన గౌనుతోనే రెండు గుళ్ళకీ తిరిగాను.

పక్షవాతం వచ్చాక మా నానమ్మ మిరియమ్మకి
వారాలన్నీ కలిసిపోయాయి.
తెల్లారగట్లే లేచి తెల్లచీర కట్టమనేది.
"ఈవేళ ఏ వారమే?"
అమ్మనడిగితే ఏడోరోజుకి ఇంకా ఎన్నుందో చెప్పేది.
నాన్ననడిగితే
గంట వినబడిందేటమ్మా, లేదు కదా, పడుకో అనేవాడు.
నన్నడిగితే
ఈవేళే నానమ్మా అనేదాన్ని.
మంగళవారం కూడా, ఈవేళే.
చీర కట్టి అరుగు మీద కూచోబెట్టేదాన్ని.
ఒంటిచేత్తో ప్రార్థన, రెండోది లేవదు.
అదే చేత్తో చెనక్కాయలు ఒలిచేది.
మధ్యలో ఆమెన్ అనేది,
ప్రార్థనకో, పుచ్చుగింజ తగిలినందుకో.

ఆమె బుధవారం పోయింది.
ఎవరిదీ కాని వారం.
గొయ్యి తవ్వడానికి రెండు గుళ్ళవాళ్ళూ వచ్చారు.
రెండు పారలు ఒకేసారి పట్టవు కనక
వంతులేసుకున్నారు.
"నిద్రపోతోంది. పిలుపు వచ్చేదాకా ఆమెకేమీ తెలీదు"
అన్నారు అమ్మ తరపువాళ్ళు.
"నిద్రేటి? ఈపాటికి పరదైసులో ఉంటాది"
అన్నారు నాన్న తరపువాళ్ళు.
పెట్టె పక్కన పెట్టుకునే వాదించుకున్నారు.
ఇద్దరి దగ్గరా వచనాలున్నాయి.
వాన మొదలైంది.
కొండ మీంచి వచ్చిన సవర కుర్రోడొకడు, గెర్షోము,
అడ్డాకు గిడుగు కింద నించి తల బయటపెట్టి
"ముందు మట్టెయ్యండి" అన్నాడు.
వేశారు.

ఎల్లుండికే శుక్రవారం. నీడ పడింది.
అమ్మ చెంబు పట్టుకుని పొయ్యి ముందు నిలబడింది.
నాన్న ఏమీ అనలేదు.
అనకపోయేసరికి ఆమెకేం తోచలేదేమో,
ఏటి మీద ఎరుపు పోయేదాకా అలాగే నిలబడి
అప్పుడు చల్లింది.
ఆపై వారం నించీ తగువు మామూలే.

తెల్లచీర నా దగ్గరే ఉంది.
అంచున అల్లం మడి మన్ను,
కొంగుముడిలో రెండు చెనక్కాయ తొక్కలు.
తీసి ఉతికి దండెం మీద ఆరేశాను.
ఎప్పుడుతికావే అని అమ్మ అడిగింది.
కాసేపాగి నాన్నా వచ్చి అదే అడిగాడు.
ఇద్దరూ వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నారు.
ఈవేళే, అన్నాను.